భరణి తల్లి

వాడరేవు ఇసుకపై సాయంకాలము కూర్చుండి, చీరాల నేతగాండ్రును గుంటూరు మిరప వర్తకులును పిల్లాపాపలతో కెరటములకు ఎదురేగుట చూచుచుండగా, ఇచ్చటికి నైరుతి దిశను, ఒంగోలు దాపున దొడ్డవరమున 1925లో జన్మించిన సినీనటి భానుమతి నా తలంపునకు వచ్చెను. కీర్తిమంతురాలగు తల్లిని ఏ బిడ్డయైనను లోకముతో పంచుకొనవలసినదే; కాని ఆమెయు భర్త రామకృష్ణారావుగారును తమ నిర్మాణసంస్థకు పసివాడైన కుమారుని పేరే పెట్టి భరణీ పిక్చర్స్ అనిరి. 'లైలా మజ్ను', 'విప్రనారాయణ', 'బాటసారి': ఊరూర గోడలపై తల్లి ముఖము, దాని చెంత కొడుకు పేరు! ఆ బాలునికది గర్వమో, బరువో?

నేనే ఆ కొడుకునై తల్లి చిత్తరువు వ్రాయవలసివచ్చినచో, జగమెరిగిన 'మల్లీశ్వరి'తో మొదలిడను. 1953లో 'చండీరాణి'కి తెలుగు, తమిళ, హిందీ మూడింటను దర్శకత్వము వహించి, తానే రెండు పాత్రలు ధరించి, పాటలును పాడిన మనిషిని వ్రాయుదును. అత్తగారి మడిని, ఆవకాయను తలచి తనలో తాను నవ్వుకొనుచు కలము పట్టిన రచయిత్రిని వ్రాయుదును. ఆమెకు పొగరెక్కువని కొందరందురు. కావచ్చును. పొగరు లేని ఆడుదానికి ఆ దినములలో కెమెరా వెనుక కుర్చీ ఎవరు వేసియుందురు?