గండికోట లోయ అంచున

శోళవరము చెరువు గట్టున పెరిగిన మాకు కొండలు, లోయలు అపురూపములు. జమ్మలమడుగు మీదుగా గండికోటకు వెళ్లునప్పుడు పిల్లలు జియోక్యాచింగు ఆడవలెనని పట్టుపట్టిరి. అక్షాంశ రేఖాంశములను బట్టి దాచిన పెట్టెను వెదకి, అందలి పుస్తకమున పేరు వ్రాయుటయే ఈ ఆట. 2000 మే నెలలో అమెరికాలోని ఆరెగాన్ రాష్ట్రమున డేవ్ ఉల్మర్ దీనికి నాంది పలికెను.

మాలో పెద్దవారు ముందు నడచి, లోయ అంచుకు ఎడముగా నొక బండచాటున రేకుడబ్బా నుంచిరి. పిల్లలు సెల్‌ఫోను చూచుకొనుచు వచ్చి దానిని పట్టుకొనిరి.

ఎర్రమల కొండలను చీల్చుకొని పోవు పెన్న; ఇరువైపుల రాళ్లు పేర్చినట్టి ఎర్రని గోడలు; కనుచూపు మేర ఎండిన సీమ.

"ఈ నీరెక్కడికి పోవును?" అని చిన్నది అడిగెను. దిగువన సోమశిలకు పోవునని చెప్పితిమి. అచ్చట కృష్ణానీటితో కలిసి, కండలేరు మీదుగా తెలుగుగంగ కాలువలో ఊత్తుకోట దాటి పూండి చేరును. 1996లో తొలిసారి అట్లు వచ్చినది. పూండి నుండి కాలువ మన శోళవరమునకే గదా! పిల్లలు నివ్వెరపోయిరి.

పుస్తకమున పెద్దలు తెలుగున వ్రాసిరి. పిల్లలు తమిళమున వ్రాసిరి. తమిళము మనకు అన్నము పెట్టిన భాష. అందు తప్పేమియు లేదు. కాని ఇంట తెలుగు పలుకు బిడ్డకు తన పేరైనను తెలుగున వ్రాయరాకపోవుట మాకు కష్టము తోచెను. మా అత్తగారు అచ్చటనే కూర్చుండబెట్టి వారి పేర్లు దిద్దించిరి. పురాతన స్థలమున ఏమియు విడువరాదని డబ్బాను వెంట తెచ్చుకొంటిమి.

నీరు కాలువ త్రవ్విననే వచ్చినది. అక్షరమును అంతే. ఈ సెలవులలో మన ఇండ్ల రోజున కొక అక్షరమైనను దిద్దింతము.