బేగంబజారు యాత్ర - కేకుల కవ్వము

పూర్వము మన యిండ్లలో పిల్లల పుట్టినదినమనగా తలంటు, క్రొత్తబట్టలు, పాయసము, హారతి, ఇంతియే వేడుక. నేడు చిన్న పల్లెయందు సైతము కేకు కోయనిచో పిల్లవాడు అలిగి కూర్చుండును. ఈ మార్పును మెచ్చని పెద్దలు పెక్కురు గలరు. వారు మెచ్చినను మెచ్చకున్నను, ఈ కేకుల మూలముననే ఎందరో గృహిణులు గడప దాటకయే నాలుగు డబ్బులు గడించుకొని సంసారమును నెట్టుకొని వచ్చుచున్నారు. అట్టి సోదరీమణుల కుపకరించునను తలంపుతో, మేము హైదరాబాదు బేగంబజారునకు పోయి స్టాండు మిక్సరు నొకదాని నెంచుకొని వచ్చిన వృత్తాంతమును ఇచ్చట వ్రాయుచున్నాము.

మా కాపురము సూర్యాపేటలో. మా వారు బడిపంతులు. మా తోడికోడలు మూడేండ్లుగా ఇంటియొద్దనే కేకులు చేసి యమ్ముచున్నది. మా మరిదికి ఆరోగ్యము చెడి ఉద్యోగము మానినది మొదలు వారి యిద్దరు పిల్లల చదువు ఈ కేకులపైననే నడచుచున్నది. కేకు పిండి కలుపుట ఆమెకు కష్టము కాదు. దానిపై పూయు దళసరి ఐసింగే ప్రాణసంకటము. అరకిలో వెన్నకు కిలో మెత్తని చక్కెరపొడి చొప్పున కలిపినపుడు అది సున్నపుముద్దవలె బిగిసిపోవును. చేతితో పట్టుకొను చిన్న బీటరు ఆ ముద్దలో తిరుగలేక పొగలు గ్రక్కి కాలిపోయెను. పిదప ఆమె గరిటెతోనే కలుపుచు వచ్చుటచే కుడిచేతి మణికట్టు వాచెను. ఇట్లే సాగినచో చేయి పనికిరాకుండ పోవునని వైద్యుడు హెచ్చరించెను. ఆమె చేతిలో నున్నది రెండేండ్లు కట్టిన చీటీ సొమ్ము 25,000 రూపాయలు. అది వృథా యైనచో మరల అంత కూడబెట్టువరకు ఆ చేయి నిలుచునో నిలువదో చెప్పలేము. అందుచేతనే ఈ యంత్రమును ఎంచుకొనుట మాకు పెండ్లిసంబంధము చూచినంత పని యయ్యెను.

స్టాండు మిక్సరనగా మన వంటయింటి మిక్సీ కాదు. మిక్సీలో కత్తులు నూరును. ఇందులో బీటరు కలుపును. అడుగున బరువైన పీఠము, దానిపై గిన్నె, పైన యంత్రపు మెడ, మెడనుండి గిన్నెలోనికి దిగు బీటరు. ఇదియే దాని యాకారము. బీటరు తన చుట్టు తాను తిరుగుచు, గిన్నె చుట్టును తిరిగి వచ్చును. భూమి తన చుట్టు తాను తిరుగుచు సూర్యుని చుట్టి వచ్చునట్లే యనుకొనుడు. అందువలన గిన్నెను త్రిప్పకయే పిండి యంతయు కలియును. బీటర్లు మూడు విధములు. ఆకువలె బల్లపరుపుగా నుండునది వెన్న ఐసింగునకును, కేకు పిండికిని, తీగలబుట్ట క్రీమునకును, గ్రుడ్డు తెల్లసొనకును, కొక్కెము రొట్టెపిండికి. దళసరి ఐసింగులో తీగలబుట్టను త్రిప్పినచో తీగలు వంగిపోవును.

బయలుదేరుటకు ముందు మా కొక యాలోచన వచ్చినది. మా అక్కగారి కుమారుడు అమెరికాలో నున్నాడు. వచ్చునపుడు అచ్చటి ప్రఖ్యాతమైన యంత్రమును తెచ్చెదనని యతడు ఫోనులో చెప్పెను. ఎవరికైనను ఆశ పుట్టును గదా! కాని అచ్చట ఇండ్లకు వచ్చు విద్యుత్తు 120 వోల్టులు, 60 హెర్ట్జులు. మనకు వచ్చునది 230 వోల్టులు, 50 హెర్ట్జులు. అచ్చటి యంత్రమును మన గోడకు నేరుగా తగిలించినచో మోటారు మాడిపోవును. నడుమ ట్రాన్స్‌ఫార్మరు పెట్టిన వోల్టులు తగ్గును గాని హెర్ట్జులు మారవు. చెడిపోయినచో అచ్చటి పూచీ ఇచ్చట చెల్లుననియు నమ్మరాదు. కావున ఆ యాశ విడిచితిమి.

పిమ్మట మా ఊరిలో మోటార్లు చుట్టు మేస్త్రి నడిగితిమి. అతడు చెప్పిన మాటలు మిక్కిలి విలువైనవి. “అమ్మా! పెట్టెపై వ్రాసిన వాట్లను చూచి మోసపోవద్దు. అవి యంత్రము గోడనుండి లాగుకొను కరెంటు లెక్కయే గాని, బీటరు చివరకు దిగు బలము లెక్క కాదు. నెమ్మదిగా తిరుగునప్పుడు బలము తగ్గనిదే మంచి యంత్రము. లోపలి పండ్లచక్రములు లోహమువో ప్లాస్టికువో అడుగుడు. కార్బను బ్రష్షులు అరిగిన నేను మార్చగలను. వేగమును మార్చు బోర్డు పోయినచో నావలన కాదు, కంపెనీవారి మరమ్మతు దుకాణము ఎచ్చట నున్నదో ముందే తెలిసికొనుడు” అనెను. ఈ మాటలనే కాగితముపై వ్రాసికొని మూటలో పెట్టుకొంటిమి.

సూర్యాపేటనుండి హైదరాబాదునకు సుమారు 135 కిలోమీటర్లు. 2023 డిసెంబరు 9వ తేదీన స్త్రీలకు ఆర్టీసీ బస్సులలో ఉచిత ప్రయాణము ప్రారంభమైన పిదప మా వంటివారికి పట్నము కొంత దగ్గరైనది. తెల్లవారుజామున ఎక్స్‌ప్రెస్సు నెక్కి నకిరేకల్లు, చిట్యాల, చౌటుప్పల దాటి, హయతునగరు మొదలు దిల్‌సుఖ్‌నగరు వరకు రద్దీలో ఈదులాడి, పదిగంటలకు మహాత్మాగాంధీ బస్సు నిలయమున దిగితిమి. ఇది మూసీ చెంతనే యున్నది. ఈ చోటికి ఇమ్లీబన్ అని పేరు, అనగా చింతతోపు.

అచ్చటినుండి అఫ్జల్‌గంజునకు నడచిపోవచ్చును. త్రోవలో ఉస్మానియా ఆసుపత్రి యావరణలో నున్న పెద్ద చింతచెట్టును చూచితిమి. 1908 సెప్టెంబరు 28వ తేదీన మూసీ పొంగి నగరమును ముంచెత్తినపుడు సుమారు 150 మంది ఆ చెట్టు కొమ్మల నాశ్రయించి బ్రతికిరట. మేము కొంతసేపు దాని నీడను నిలిచితిమి. ఆ 1908వ సంవత్సరముననే, అమెరికాలోని ఒహాయో రాష్ట్రమున హెర్బర్టు జాన్‌స్టన్ అను ఇంజనీరు, రొట్టెలవాడొకడు గరిటెతో పిండి కలుపుచు పడు శ్రమను చూచి, దీనికొక యంత్రము చేయవలెనని తలంచెనని చెప్పుదురు. మొదట రొట్టెల దుకాణములకు పెద్ద యంత్రములు వచ్చినవి. 1919లో కిచెన్‌ఎయిడ్ అను పేరుతో ఇండ్లకు వచ్చిన మొదటి యంత్రము బరువు సుమారు 30 కిలోలు! 1950లో ఇంగ్లండులో కెన్నెత్ వుడ్ అను నతడు కెన్‌వుడ్ షెఫ్ అను దానిని వెలువరించెను. రొట్టెలవాని చేయి నొప్పినుండి పుట్టిన యంత్రము గనుక, మా తోడికోడలి చేయి నొప్పికి అదియే మందగుననిపించినది.

బేగంబజారు నిజాముల కాలమునాటిది. రెండవ ఆసఫ్‌జా భార్య యగు బేగము వర్తకుల కిచ్చిన స్థలమగుటచే ఆ పేరు వచ్చినదందురు. సందులు ఇరుకు, ఇరువైపుల దుకాణములు, నడుమ బండ్లు, హమాలీలు, మోటారుసైకిళ్ళు. ఒక సందున ఇత్తడి బిందెలు, రాగి కాగులు. ఇంకొక సందున జీడిపప్పు, కిస్‌మిస్, ఖర్జూరముల బస్తాలు. మరియొక చోట స్టీలు గిన్నెలు కొండలవలె పేర్చబడియున్నవి. కేకు రేకులు, అట్టపెట్టెలు, క్రీము పూయు గొట్టములు, రంగులు అమ్ము దుకాణములును గలవు. తెలుగు, ఉర్దూ, హిందీ, మార్వాడీ అన్నియు ఒక్క నోటనే వినబడును. బేరమాడనివారికి ఈ బజారులో గౌరవము తక్కువ.

మొదటి దుకాణమువాడు యంత్రమును ముట్టనీయలేదు. రెండవ దుకాణమున వృద్ధుడగు సేటు కూర్చుండియున్నాడు. మా తోడికోడలు ధైర్యము చేసి, “సేటుగారూ! మేము వెన్నయు చక్కెరయు కొని తెచ్చెదము. మీ యంత్రములో కలిపి చూడనిత్తురా?” అని యడిగెను. ఆయన కొంచెము ఆలోచించి, “సరే తల్లీ, గిన్నె మాత్రము కడిగి యిమ్ము” అనెను.

బల్లపై మూడు యంత్రములు పెట్టించితిమి. మొదటిది 9,000 రూపాయలది. పెట్టెపై 1500 వాట్లని పెద్దయక్షరములు. ఒంటిచేత్తో ఎత్తగలిగినంత తేలిక. ముద్ద బిగియగానే అది బల్లపై నడువసాగినది. మెడ పైకి క్రిందికి ఊగినది. ఇంకొక నిమిషమునకు వేడివాసన వచ్చుటచే సేటే ఆపివేసెను. రెండవది విదేశపుది, ఎఱ్ఱని రంగు, చూచుటకు అందము, వ్రాసియున్న వాట్లు 300 మాత్రమే. అయినను ముద్దను అవలీలగా కలిపెను! మేస్త్రి మాట అక్షరాలా నిజమయ్యెను. కాని వెల 45,000 రూపాయలు పైమాటే. మూడవది మన దేశమున అమ్మకమునకు వచ్చునట్టిదే. 5 లీటర్ల గిన్నె, లోహపు చక్రములు, డీసీ మోటారు, 22,500 రూపాయలు. మొదటిదానికి రెండింతల బరువు. మెల్లగా త్రిప్పినను ఆగలేదు, కదలలేదు. శబ్దము మాత్రము కొంచెము హెచ్చు.

అప్పుడు మాకు పోతన భాగవతమునందలి క్షీరసాగర మథనము జ్ఞప్తికి వచ్చినది. మందరగిరి వంటి కవ్వమును, వాసుకి వంటి త్రాడును, దేవదానవుల బలమును అన్నియు నున్నవి. అయినను అడుగున ఆధారము లేక కొండ మునిగిపోయెను. హరి కూర్మమై వీపు నొగ్గిన పిదపనే మథనము సాగినది. బలము ఎంత యున్నను పీఠము నిలువనిదే చిలుకుట జరుగదు. మా పాతకాలపు చదువు బజారులో ఇట్లు పనికివచ్చినందులకు మేమే యాశ్చర్యపడితిమి.

తరువాత ఖాళీ గిన్నెలో సన్నని నాణెమును వేసి, ఆకు బీటరును అన్నింటికంటె తక్కువ వేగమున త్రిప్పించితిమి. బీటరు వచ్చినప్పుడెల్ల నాణెము కొంచెము కొంచెముగా జరిగినది. అసలు కదలకున్నచో అడుగు కలియదు; బీటరు గిన్నెను గీచినచో గిన్నె పాడగును. యంత్రము క్రింది చీటిలో ఎన్ని నిమిషములు ఎడతెగక నడుపవచ్చునో వ్రాసియుండును, దానిని చదివించుకొంటిమి. మరమ్మతు దుకాణము హైదరాబాదులోనే యున్నదని ఫోనుచేసి నిశ్చయించుకొంటిమి. గంటసేపు బేరమాడగా సేటు 1,000 రూపాయలు తగ్గించెను. మిగిలిన సొమ్ముతో రెండవ గిన్నె కొంటిమి. ఒకదానిలో పిండి యుండగనే రెండవదానిలో క్రీము చేసికొనవచ్చును. పరీక్షకు కలిపిన ఐసింగును డబ్బాలో తెచ్చుకొని మరునాటి కేకునకే వాడితిమి.

యంత్రము వచ్చి నాలుగు నెలలైనది. వాపు తగ్గినది. మునుపు వారమునకు నాలుగు కేకులు చేయుట గగనముగా నుండగా, ఇప్పుడు ఏడెనిమిది చేయుచున్నది. ఎండకాలమున క్రీము గిలకొట్టుటకు ముందు గిన్నెను, తీగలబుట్టను ఫ్రిజ్జులో పెట్టును. చక్కెరపొడి ఎగిరిపడకుండ గిన్నెపై తడిగుడ్డ కప్పి మెల్లగా మొదలిడును. మధ్యమధ్య యంత్రమునకు విశ్రాంతి నిచ్చును.

సోదరీమణులారా! మీలో ఎవరైన ఇట్టి యంత్రమును కొనదలచినచో, మీరు తరచుగా చేయు పనులలో మిక్కిలి బరువైన దానిని ఎంచుకొని, దుకాణమున దానినే చేయించి చూడుడు. ఒప్పుకొననివాని యొద్ద కొనవద్దు. వారమున కొక చిన్న కేకు చేయువారికి చేతి బీటరే చాలును. ఇంత సొమ్ము పోయనక్కరలేదు. ఇంటిలో ఎర్తు గల మూడు కాళ్ళ ప్లగ్గు సరిగా నున్నదో లేదో ముందు చూపించుకొనుడు. ఒంటరిగా పోక, లెక్క తెలిసిన తోడును వెంటబెట్టుకొని పొండు. తిరిగి వచ్చునపుడు ఆ బరువు మోయుటకైనను రెండు జతల చేతులు కావలెను గదా!