కైరోలో ‘ఇన్షల్లా’ అంటే అవునా, కాదా?

ఆఫీసు పని మీద మూడు వారాలు కైరోలో ఉన్నా. పిరమిడ్ల ఫొటోలు ఎలాగూ అందరి ఫోన్లలో ఉంటాయి. నాకు బాగా గుర్తుండిపోయింది మాత్రం అక్కడి జనం మాటలు. ఎవరితో పది నిమిషాలు మాట్లాడినా దేవుడి పేరు ఐదారుసార్లు వినిపిస్తుంది. అలాగని అవన్నీ ప్రార్థనలు కావు. కొన్ని పలకరింపులు, కొన్ని ఓదార్పులు. కొన్నయితే మర్యాదగా ‘కుదరదు’ అని చెప్పడాలు.

మాటకు మాట

ప్రయాణం చేసి వచ్చినవాళ్లని ‘హమ్దిల్లా అస్సలామా’ అంటారు. క్షేమంగా చేరారు, దేవుడికి కృతజ్ఞతలు అని. ఊరికే థాంక్స్ చెప్తే సరిపోదు. ‘అల్లా యిసల్లిమక్’, అంటే దేవుడు నిన్నూ క్షేమంగా ఉంచాలి అనాలి. క్షవరం చేయించుకుని బయటికొస్తే ‘నయీమన్’ అంటారు. దానికీ ఓ జవాబుంది. మన దగ్గర పిల్లాడు తుమ్మితే ‘చిరంజీవ’ అన్నట్టే. కాకపోతే అక్కడ జవాబు రాకపోతే మాట సగంలో ఆగినట్టు ఉంటుంది.

పసిబిడ్డ ముద్దుగా ఉందంటే ముందు ‘మాషా అల్లా’ అనాలి. లేకపోతే తల్లికి దిష్టి భయం. ఇది మనకి ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు కదా! అడుక్కునేవాళ్లకి ఇవ్వడానికి ఏమీ లేకపోతే ‘అల్లా యిసహ్హిల్‌లక్’ అంటారు. దేవుడు నీ దారి సులువు చేయాలి అని. మన ‘చెయ్యి ఖాళీ లేదు’ కంటే మెత్తగా ఉంటుంది.

ఖాన్ అల్ ఖలీలీ బజారు దగ్గర ఇద్దరు డ్రైవర్లు గొంతులు పెంచారు. పక్కన టీ తాగుతున్న పెద్దాయన లేవకుండానే ‘సల్లీ అన్నబీ’ అన్నాడు. ప్రవక్త మీద సలాం పలకండి అని అర్థం. ముస్లిం ఎవరైనా దానికి బదులివ్వాల్సిందే. ఇద్దరూ పలికారు. ఆ రెండు సెకన్లలోనే గొడవ వేడి సగం తగ్గింది.

ఒక్క మతానిదే కాదు

మార్ గిర్గిస్ మెట్రో స్టేషన్ దిగితే కాప్టిక్ క్రైస్తవుల పాత కైరో వస్తుంది. హ్యాంగింగ్ చర్చి అక్కడే. వాళ్లూ ‘ఇన్షల్లా’, ‘అల్హమ్దులిల్లా’ అంటారు. అరబీలో దేవుడు అనే మాటే ‘అల్లా’. అరబీ బైబిల్లోనూ అదే ఉంటుంది. స్పానిష్‌లో ‘అలా జరిగితే బాగుండు’ అనడానికి వాడే ‘ఓహలా’ కూడా అరబీ నుంచి వెళ్లిందే.

అసలు చిక్కు

విదేశీయుల పాత జోకు ఒకటుంది: అరబ్బులది ఐబీఎం పద్ధతి అని. ఇన్షల్లా, బుక్రా (రేపు), మాలేష్ (పర్లేదులే). మా కాల్‌లో కూడా హైదరాబాద్ నుంచి ఒకాయన ‘ఇన్షల్లా అన్నారంటే అవ్వదన్నమాట’ అని నవ్వాడు. అవతల టెస్టింగ్ చూసే అమ్మాయి ఏమీ అనలేదు.

ఆ ఉదయమే ఆమెని ఎలా ఉన్నావని అడిగా. ‘అల్హమ్దులిల్లా అలా కుల్లి హాల్’ అంది. ఏ స్థితిలోనైనా దేవుడికి స్తుతి అని. మామూలుగా ‘అల్హమ్దులిల్లా’ తోనే ఆగుతారు. ఆ తోక వచ్చిందంటే ఏదో కష్టం ఉందని. మళ్లీ అడిగితే చెప్పింది, వాళ్ల నాన్న ఐసీయూలో ఉన్నారు. గురువారం లోపు, అంటే అక్కడి వారాంతానికి ముందే, పని పూర్తి చేస్తానంది ఆమే. ఏ టెస్టులు ఎప్పుడు నడుస్తాయో లిస్టు కూడా పంపింది. చివర ‘ఇన్షల్లా’ అని రాసింది.

రేపు ఇది చేస్తానని దేవుడి చిత్తం తలవకుండా అనొద్దని ఖురాన్ 18వ అధ్యాయంలో ఉంది. ఆమె మాట అక్కడి నుంచి వచ్చింది. అది తప్పించుకోవడం కాదు. ఐసీయూ బయట కూర్చున్న మనిషి అంతకుమించి ఏం హామీ ఇవ్వగలదు? కాల్‌లో ఈ సంగతి చెప్పా. నవ్వు ఆగింది. గురువారం సాయంత్రానికి టెస్టులన్నీ పూర్తయ్యాయి.

తప్పించుకునే ‘ఇన్షల్లా’ కూడా ఉంటుంది. సాగదీస్తూ అంటారు, టైమ్ చెప్పరు. ‘చూద్దాంలే’ అనే మన మాట లాంటిదే. రోజు, టైమ్ చెప్పి ‘ఇన్షల్లా’ అంటే మాత్రం మాట ఇచ్చినట్టే లెక్క.

మీ ఇంట్లో గల్ఫ్ నుంచి ఫోన్ చేసే బాబాయో, అన్నయ్యో ఉంటే ఈసారి గమనించండి. ‘పండక్కి వస్తా, ఇన్షల్లా’ అంటే వెంటనే ‘టికెట్ ఏ రోజుకి?’ అని అడగండి. తేదీ చెప్పాడంటే వస్తున్నట్టే.