సరైన గది దొరికేదాకా

సికింద్రాబాద్‌లో ఒక చర్చి ఆవరణ. వెనకవైపు, పిల్లలకి ఆదివారం పాఠాలు చెప్పే గదిలో ప్లాస్టిక్ కుర్చీలు గుండ్రంగా వేసి ఉన్నాయి. గోడకి రెండు పెద్ద పటాలు. ఒకదాని మీద పన్నెండు మెట్లు, ఇంకోదాని మీద పన్నెండు సంప్రదాయాలు. మా బావగారు తలుపు పక్క కుర్చీ చూసుకుని కూర్చున్నారు. నచ్చకపోతే లేచి వెళ్లిపోవచ్చని కాబోలు.

అది ఆల్కహాలిక్స్ అనానిమస్ వాళ్ల ఓపెన్ మీటింగు. అందరూ ఏఏ అంటారు. క్లోజ్‌డ్ మీటింగులకి తాగుడు మానాలనుకునేవాళ్లే వెళ్లాలి. ఓపెన్ మీటింగుకి ఇంటివాళ్లూ రావచ్చు కాబట్టి నన్నూ కూర్చోనిచ్చారు. అక్కడ ఎవరి పేరూ బయటికి పొక్కకూడదు. ఇక్కడ రాస్తున్న మాటలు కూడా చెప్పినవాళ్లను అడిగి రాస్తున్నవే.

దీనికి ముందు వెళ్లిన మీటింగు బావగారికి పడలేదు. అక్కడివాళ్లు ఆప్యాయంగా పలకరించారు, టీ ఇచ్చారు. కానీ మాటలన్నీ ఇంగ్లీషులోనే. బస్సు డిపోలో మెకానిక్‌గా చేసి రిటైరైన మనిషి తన గుండెలో ఉన్నది ఇంగ్లీషులో ఏం చెప్పుకుంటాడు? ఇంటికి రాగానే ‘ఇది మనబోటివాళ్లకి కాదురా’ అనేశారు. ఆ మాటతో అక్క ముఖం వాడిపోయింది. అయితే ఆ మీటింగులోనే ఒకాయన ఈ చర్చి అడ్రసు కాగితం మీద రాసి నా చేతిలో పెట్టాడు, ‘అక్కడ తెలుగులో మాట్లాడతారు, తీసుకెళ్లండి’ అని. ఆ కాగితమే లేకపోతే మా ప్రయత్నం అక్కడితో ఆగిపోయేది.

చర్చి అనగానే బావగారికి ఇంకో అనుమానం, మతం మార్చుకోమంటారేమోనని. మీటింగు నడిపే పెద్దాయన దాన్ని ముందే తీర్చేశాడు. గది అద్దెది, అద్దె సభ్యులే కడతారు. తాగుడు మానే దారిగా ఏఏ చెప్పే ఆ పన్నెండు మెట్లలో దేవుడి ప్రస్తావన ఉన్నా, ఎవరికి తోచిన దేవుణ్ణి వాళ్లు అనుకోవచ్చు. సభ్యుడు కావడానికి కావలసింది తాగుడు మానాలన్న కోరిక ఒక్కటే.

ఆ తర్వాత ఒక లారీ డ్రైవరు మాట్లాడాడు. ‘దాబా దగ్గర బండి ఆపి, క్లీనర్ పిల్లాణ్ణి అప్పడిగి తాగానండి. వాడికి పద్దెనిమిదేళ్లుంటాయి. జీతం డబ్బుల్లోంచి తీసి ఇచ్చాడు. ఆ నోట్లకి గ్రీజు అంటుకుని ఉంది. ఇప్పటికీ చేతికి జిడ్డు తగిలితే వాడే గుర్తొస్తాడు.’ ఎవరూ అయ్యో అనలేదు, సలహా ఇవ్వలేదు. ‘థాంక్యూ’ అన్నారు, పక్కాయన అందుకున్నాడు. ఇక్కడ ఒకరు చెబుతుంటే మిగతావాళ్లు వింటారు, అంతే. గ్రీజు మాట వినగానే బావగారు తన అరచేతుల వంక చూసుకున్నారు. తన వంతు రాగానే ‘రాత్రిళ్లు నిద్ర పట్టట్లేదండీ’ అన్నారు. అంతకుమించి చెప్పలేదు. అంతకుముందు మా ఎవరితోనూ ఆ మాట కూడా అనలేదు.

తాగుబోతు మాట తాగుబోతుకే తలకెక్కుతుందన్న ఎరుకతోనే ఏఏ పుట్టింది. 1935లో అమెరికాలోని ఆక్రన్ ఊళ్లో, పని మీద వచ్చిన బిల్ అనే వ్యాపారి మళ్లీ తాగేస్తానేమోనని భయపడి, తనలాంటి మరో వ్యసనపరుణ్ణి వెతుక్కున్నాడు. ఆ దొరికినాయన డాక్టర్ బాబ్, సర్జన్. మన దేశానికి ఏఏ 1957లో వచ్చింది. ఇది ఊరికే ఓదార్పు మాటలు చెప్పుకునే వ్యవహారమని కొట్టిపారేసేవాళ్లకి ఒక మాట: పలు పరిశోధనలను పరిశీలించి 2020లో వెలువడిన కాక్రేన్ సమీక్ష, పూర్తిగా మానేసి ఉండే విషయంలో ఏఏ మార్గం మిగతా చికిత్సలకు తీసిపోదని, కొన్నిచోట్ల మెరుగనీ తేల్చింది.

మీటింగు చివర్లో చందా డబ్బా తిరిగింది. నేను జేబులో చెయ్యి పెట్టబోతే పక్కాయన ఆపాడు. బయటివాళ్ల డబ్బు వాళ్లు ముట్టరు.

ఏది సరైన మీటింగు అని పెద్దాయన్ని అడిగాను. ‘మళ్లీ రావాలనిపించేది’ అన్నాడు. నా లెక్కలో భాష మొదటిది. తర్వాత వేళ. సాయంత్రం ఏడింటికి, మామూలుగా మందు గుర్తొచ్చే సమయానికి, మనిషి ఈ కుర్చీలో ఉంటే సగం గండం గడిచినట్టే. ఒకే బస్సులో చేరుకోగలిగితే మరీ మేలు. మగవాళ్ల మధ్య నోరు విప్పలేని ఆడవాళ్లు స్త్రీల మీటింగులు ఉన్నాయేమో అడగాలి. దగ్గర్లో ఏమీ లేని పల్లెవాళ్లకి ఆన్‌లైన్ మీటింగులున్నాయి. ఇంటివాళ్ల కోసం 1951లో మొదలైన అల్-అనాన్ వేరే ఉంది. అక్కకి దాని వివరాలు ఇచ్చాను.

1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా మీద లేచి నిలబడి చరిత్ర సృష్టించారు. కానీ సారా దుకాణం మూతపడినా, తాగుడుకి అలవాటుపడ్డ మనిషికి రేపటి సాయంత్రం ఎలా గడపాలో చెప్పేవాళ్లు కావాలి. ప్రతి మండలంలో ఇలాంటి గది ఒక్కటైనా ఉండాలని గట్టిగా కోరుకుంటున్నాను.

రోజూ ఎక్కువగా తాగే మనిషి ఉన్నట్టుండి మానేస్తే ఫిట్స్ రావచ్చు, ప్రాణం మీదికీ రావచ్చు. ముందు డాక్టరుకి చూపించండి. మత్తు మానాలనుకునేవాళ్లకి 14446 ప్రభుత్వ ఉచిత హెల్ప్‌లైన్. ఇక మొదటి మీటింగు నచ్చకపోతే, బయటికి వచ్చేముందు అక్కడివాళ్లనే ఇంకో అడ్రసు అడిగి తీసుకోండి.