తెల్లచీర

2002వ సంవత్సరమున మేము ఎం.ఏ. చదువుచుండగా సహాధ్యాయులము ఏడుగురము కూడి ఒక దయ్యపు చలనచిత్రమును తీయ సంకల్పించితిమి. అద్దెకు దెచ్చిన చిన్న వీడియో కెమెరా, 60 నిమిషముల క్యాసెట్లు మూడు, పాడుబడిన ధాన్యపుకొట్టు ఒకటి: ఇంతియే మా సంపత్తి.

భరతముని భయానకరసమునకు జెప్పిన విభావములలో శూన్యగృహమును గలదు, వికృతధ్వనియు గలదు. మేము మొదటిదానిని సంపాదించి రెండవదానిని మఱచితిమి. తొలిరాత్రి తీసినది చూచుకొనగా, దయ్యము నడచుచుండ వెనుక మిత్రుని దగ్గును, దూరమున లారీ హారనును వినవచ్చినవి. మేమే నవ్వితిమి. మఱునాడు దయ్యమును దాచి, మూసిన తలుపును మాత్రమే చూపి, లోపల గోళ్లతో గీకిన చప్పుడు వినిపించితిమి. మాలో ధైర్యశాలి యనబడువాడే ఉలికిపడెను.

ఇంతవఱకు విద్యాలాభమే. దయ్యమునకు కట్టిన తెల్లచీర యొక మిత్రుని నాయనమ్మగారిది. అడిగియే తెచ్చితిమి, ఎందులకో చెప్పలేదు. ఇరువదియైదవ యేట భర్త పోయిననాటినుండి ఆమెకు తెల్లచీరయే. వారింట చిత్రము వేసిననాడు ఆమెయు గుమ్మముకడ కూర్చుండి తుదివఱకు చూచి, "నా చీర బాగానే కనబడిందర్రా. దయ్యానికి రంగుచీర నప్పదా?" అనెను.

1881లో రాజమహేంద్రవరమున వీరేశలింగం పంతులుగారు జరిపించిన వితంతువివాహమును గూర్చి పరీక్షలో పుటలకొలది వ్రాసి మార్కులు గొన్నవారము. మాకు నోట మాట రాలేదు.

ఇప్పుడు మా విద్యార్థులు చేతిఫోనుతోనే ఇట్టి చిత్రములు తీసి చూపవత్తురు. వెలుగును గూర్చి, ధ్వనిని గూర్చి చెప్పుచుందుము. మొన్న తెచ్చినదానిలోను తెల్లచీరయే.