బగ్ అంటే పురుగే

ఫస్టియర్‌లో, డిసెంబర్ నెలలో ఒక రాత్రి హాస్టల్ నుంచి నాన్నకి ఫోన్ చేశాను.

"ఇంకా పడుకోలేదేంరా?"

"ప్రోగ్రామ్‌లో బగ్ వచ్చింది నాన్నా, దొరకట్లేదు."

"బగ్ అంటే?"

"పురుగు అనుకో."

"మరి ఏం మందు కొట్టారు?"

ఫోన్ స్పీకర్‌లో ఉంది. రూమ్‌లో అందరూ పగలబడి నవ్వారు. నేనూ నవ్వాను. నాన్న కాసేపు ఆగి, "సరే, పడుకో" అని పెట్టేశాడు.

నేను ఎల్‌కేజీ నుంచి ఇంగ్లీష్ మీడియమే. బగ్ అనే మాటకి ఎన్ని అర్థాలో నాకు బాగా తెలుసు. పురుగు బగ్. ఊరంతా తిరిగే జ్వరం బగ్. గదిలో రహస్యంగా పెట్టే మైకు బగ్. ఊరికే విసిగించడమూ బగ్ చెయ్యడమే. జువాలజీ వాళ్ళనడిగితే, సూదిలాంటి నోటితో రసమో రక్తమో పీల్చేవే అసలైన బగ్స్ అంటారు. పత్తి మీద వాలే పచ్చదోమ, మంచంలో నల్లి, రెండూ ఆ జాతివే.

ఇక మన సీఎస్ఈలో అందరూ చెప్పే కథ ఒకటుంది. 1947 సెప్టెంబర్ 9న హార్వర్డ్ మార్క్ 2 కంప్యూటర్ రిలేలో ఒక రెక్కల పురుగు ఇరుక్కుంది. దాన్ని తీసి లాగ్‌బుక్‌లో టేపుతో అతికించారు. ఆ పేజీ ఇప్పుడు స్మిత్సోనియన్ మ్యూజియంలో ఉంది. ఈ మాట అక్కడే పుట్టిందని నేనూ అనుకున్నాను. కానీ 1878లోనే ఎడిసన్ ఒక ఉత్తరంలో, తన పరికరాల్లో వచ్చే చిన్న లోపాల్ని బగ్స్ అన్నాడు. అంటే మార్క్ 2 వాళ్ళకి ఆ మాట ముందే తెలుసు. ఈసారి నిజం పురుగే దొరికిందని సరదాపడ్డారు, అంతే. వాళ్ళు పురుగుని చూసి నవ్వారు. మేం మనిషిని చూసి నవ్వాం.

సంక్రాంతికి ఇంటికెళ్తే నాన్న చేలోకి తీసుకెళ్ళాడు. ఒక పచ్చి పత్తి కాయ కోసి నా చేతిలో పెట్టాడు. "ఎట్లా ఉంది?" అన్నాడు. బాగానే ఉందన్నాను. దాన్ని చీల్చాడు. లోపల గింజ దగ్గర గులాబీ రంగు పురుగు. పిల్లగా ఉన్నప్పుడే కాయలోకి దూరుతుందట, దూరిన కన్నం పూడుకుపోతుందట. ఆ తర్వాత పైన ఎంత మందు కొట్టినా దానికి తగలదు. అది కూడా పెద్దదైతే రెక్కల పురుగే.

"పైపైన చూస్తే తెలీదురా, కాయ చీల్చి చూడాలి" అన్నాడు.

ఇంటికొచ్చాక అమ్మ చెప్పింది. నేను ఫోన్ చేసిన ఆ వారమే నాన్న మూడోసారి మందు కొట్టాడట, అప్పు తెచ్చి. ఏం మందు కొట్టారని నన్ను నిజంగానే అడిగాడన్నమాట. ఏదైనా పనిచేసేది ఉంటే తెలుసుకుందామని.

నా ఫీజు ఆ పత్తిలోంచే వచ్చింది.

ఇప్పుడు ఫోన్ చేస్తే నాన్న ముందు అడిగేది, "మీ పురుగు దొరికిందా?" అనే. "కాయ చీల్చి చూస్తున్నా నాన్నా" అంటాను. తర్వాత నేనూ అడుగుతాను, మన చేలో ఎట్లా ఉందని. ఇన్నేళ్ళలో ఆ మాట ఎప్పుడూ అడగలేదు.