ద్రాక్షతోటల నడుమ సైకిల్ దారి

నాసిక్ అంటే మనోళ్లకు త్ర్యంబకేశ్వరం, పంచవటి, గోదావరి స్నానం. పొద్దుగాల దిగుతరు, మొక్కుకుంటరు, సాయంత్రానికి భీవండికో ముంబైకో మర్లిపోతరు. ఊరికి పడమటి దిక్కున గుట్టల నడుమ, ద్రాక్షతోటల పక్క నుంచి పోయే దారులున్నయి. వాటిని సైకిల్ మీద చూసినోళ్లు మనలో తక్కువ. మా బిడ్డ, అల్లుడు సాత్‌పూర్‌లో ఉంటరు. చలికాలం వాళ్ల దగ్గరికి పోయినప్పుడల్లా నేను ఆ దారులు తొక్కుతున్న. అరవై దాటినంక మోకాళ్లు మెట్ల మీద మాట వింటలేవు గాని సైకిల్ మీద వింటున్నయి.

ఇప్పుడు హెల్మెట్ పెట్టుకొని, సన్న టైర్ల సైకిళ్ల మీద గుంపులు గుంపులుగా పోయే పిలగాండ్లు ఆ రోడ్ల మీద మస్తు కనబడతరు. నాసిక్ సైకిల్ తొక్కెటోళ్ల ఊరు. 2015లో ఈ ఊరి డాక్టర్లు, మహాజన్ అన్నదమ్ములు, అమెరికాను ఈ కొస నుంచి ఆ కొసకు సైకిల్ మీద దాటిండ్రు. వాళ్ల సైకిళ్లు వేరు, మనవి వేరు. నాది గేర్లు లేని నల్ల సైకిల్, కడ్డీ బ్రేకులు. దానికీ ఈ దారి పనికొస్తది.

గంగాపూర్ రోడ్డు పట్టుకొని పోవాలె. ఊరు దాటేదాకా ఆటోలు, స్కూల్ బస్సులు తప్పవు. పొద్దుగాల ఆరు గంటలకే ఇల్లు విడిస్తే అది కూడా ఉండదు. చలి మాత్రం ఉంటది, చెవులకు మఫ్లర్ కట్టుకోండి. సోమేశ్వర్ దాటి, గంగాపూర్ గ్రామం, గోవర్ధన్ వచ్చేసరికి రోడ్డు నిమ్మళమైతది. అక్కడి నుంచి ఒక దారి సావర్‌గావ్ దిక్కు డ్యామ్ నీళ్ల అంచుకు పోతది, ఇంకొకటి గిర్నారేకు. రెండూ బాగుంటయి. త్ర్యంబకం రోడ్డు మాత్రం సైకిల్‌కు పెట్టుకోవద్దు, యాత్ర బస్సులు మనల్ని రోడ్డు కిందికి నూకుతయి.

సావర్‌గావ్ దారిలోనే సూలా వాళ్ల తోట. 1997లో రాజీవ్ సామంత్ అనే ఆయన అమెరికాలో చదువుకొని వచ్చి ఇక్కడ వైన్ ద్రాక్ష నాటిండు. 2000లో మొదటి వైన్ బయటికొచ్చింది. తర్వాత చుట్టుపక్కల ఎన్నో వైన్ ఫ్యాక్టరీలు లేచినయి. మనకు తెలిసింది కల్లు. వైన్ సంగతి నన్నడగకండి, నేను తాగలేదు. తోట సంగతి అడగండి, చెప్త.

తినే ద్రాక్షకు ఎక్కువ పందిరి వేస్తరు. వైన్ ద్రాక్షకు గుంజలు పాతి, వైర్లు లాగి, కంచె లెక్క నిలువు వరుసల్లో పెంచుతరు. ఏటవాలు నేల మీద ఆ వరుసలు పొడుగ్గా కిందికి దిగుతుంటే, పడుగు సాగదీసి కట్టినట్టే కనబడతది. కాయ చిన్నది, తోలు మందం, లోపల గింజలు. థాంప్సన్ సీడ్‌లెస్ తిన్న నోటికి అది నచ్చదు. యూరప్‌లో ఎండాకాలం చివర కోస్తరట, ఇక్కడ జనవరి నుంచి మార్చి దాకా కోత. వాన పోయినంక, అక్టోబర్ నెల అటు ఇటుగా కొమ్మలు కత్తిరిస్తే చలిలో కాయ ఎక్కుతది. కోత అయినంక ఏప్రిల్‌లో మళ్లా కత్తిరింపు. ఏడాదికి రెండు కత్తిరింపులు, ఒకటే పంట. హైదరాబాద్ చుట్టూ అనాబ్-ఎ-షాహీ తోటలున్న కాలం తెలిసినోళ్లకు ఇది కొత్త కాదు.

ఇక గిర్నారే. మన పత్రిక చదివెటోళ్లు ఈ ఊరిని తప్పక చూడాలని నా కోరిక. టమాటా మార్కెట్‌కు పేరున్న ఊరు. పొద్దుగాల ఏడు, ఏడున్నరకు అక్కడికి చేరితే, రోడ్డు పక్కన కూలోళ్లు గుంపులుగా నిలబడి ఉంటరు. పేఠ్, హర్సూల్ దిక్కు గుట్టల్లోని ఆదివాసీ ఊర్ల నుంచి వచ్చినోళ్లు. మొగోళ్లు, ఆడోళ్లు, చేతిలో రొట్టె మూట. రైతులు పికప్ బండ్లతో వస్తరు. ఎంత మంది, ఏం పని, ఎంత కూలి అని ముకద్దంతో బేరం. గుత్తిలో ఎక్కువున్న కాయలు చిన్న కత్తెరతో తీసేది, తినే ద్రాక్షకు గుత్తిని మందు నీళ్లలో ముంచేది, కోసేది అంతా వీళ్ల చేతులే. బేరం కుదిరితే బండి ఎక్కుతరు, లేకుంటే నిలబడతరు. భీవండి నాకా మీద పొద్దుగాల నిలబడ్డోళ్లకు వేరే చెప్పేదేముంది.

నేను సైకిల్ ఆపి చాయ్ తాగుతుంటే, నా ఈడు ఆడమనిషి పలకరించింది. మరాఠీలనే మాట్లాడుకున్నం.

"కాకా, ఎటు పోతున్నరు?"

"ఎటూ లేదు, ఊరికే. రిటైర్ అయిన."

ఆమె పక్కదాన్ని చూసి నవ్వింది. "మాకు అట్లాంటిది లేదు కాకా. మోకాళ్లు ఆగిన నాడే."

నేను ఏమనలేదు. 1982 సమ్మె దాకా నేను మిల్లులో ఉన్న. అక్కడ ఫండ్ ఉండె, హాజరు కార్డు ఉండె, మాట్లాడెటందుకు యూనియన్ ఉండె. భీవండిలో సాంచాల మీదికి వచ్చినంక అవేవీ లేవు. రిటైర్ అన్నది నా అంతట నేను పెట్టుకున్న పేరే, ఏ సేటూ కాగితం రాసి ఇయ్యలేదు. ఆమె అన్నది మన గల్లీలో సగం మందికి సరిపోతది. ఆమె బండి వచ్చింది, నలుగురితో కలిసి ఎక్కి కూసున్నది. ఆ తోటల నుంచి బయటికొచ్చే వైన్ సీసా ఒక్కటి కొనాలంటే ఆమె రోజు కూలి చాలదు.

గిర్నారే దాటినంక హర్సూల్ రోడ్డు వాఘేరా ఘాట్ దిక్కు లేస్తది. తోటలు పల్చబడతయి, నాగలి, వరి కోసిన మడులు, అడవి మొదలైతయి. బండ్లు తక్కువ. గేర్లు లేని సైకిల్ మీద ఆ ఎక్కుడు పూర్తిగా తొక్కలేం, దిగి నూకాలె. దాంట్లో సిగ్గేముంది? దిగేటప్పుడే జాగ్రత్త. కడ్డీ బ్రేకుల రబ్బర్లు ముందటి రోజే చూసుకోవాలె, మంచు తడికి రిమ్ జారుతది. గొలుసుకు నూనె, వెనుక చక్రం కోన్ బిగువు, ఒక పంపు, ఒక ట్యూబ్ దగ్గరుండాలె. గిర్నారే అవతల పంక్చర్ దుకాణం నాకు కనబడలే.

తిరుగు దారిలో డ్యామ్ దగ్గర కూసుంటే బాగుంటది. గంగాపూర్ డ్యామ్ మట్టికట్ట, 1965లో అయింది. గోదావరి పుట్టిన బ్రహ్మగిరి ఇక్కడికి దగ్గరే, కాబట్టి నదికి ఇది చిన్నతనం. నాసిక్ తాగే నీళ్లు, తోటల నీళ్లు ఇందులోవే. పైన ఆపితే కింద పైఠణ్ జాయక్‌వాడి నిండదని మరాఠ్వాడా వాళ్లు ఏటా కొట్లాడుతరు. దాని కిందికి పోతే నాందేడ్, ఆపైన మన శ్రీరాంసాగర్. కాకతీయ కాలువల నీళ్లు పారే ఊరు మాది. నీళ్లు రాని ఏండ్లలో మా నాయన మగ్గం విడిచి బొంబాయి రైలెక్కిండు. యానాం వాళ్లు చూసే గౌతమి కూడా ఈ నీళ్లే.

సంక్రాంతి నుంచి హోలీ దాకా పొండి. శని, ఆదివారాలు వద్దు, ముంబై కార్లు వైన్ ఫ్యాక్టరీలకు బారులు తీరుతయి. మంగళవారమో బుధవారమో మంచిది. గిర్నారే నాకాలో చాయ్ బండి తొమ్మిదింటి దాకా ఉంటది, ఆ తర్వాత కూలోళ్లు ఉండరు, చాయ్ బండీ ఉండదు.